జెండా మోసినవాడు జీవితచరిత్ర రాయగలడా?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మీరు పన్నెండేళ్లు విద్యార్థి సంఘంలోనూ ఆపైన తెలంగాణ ఉద్యమంలోనూ పనిచేశారు. ఇప్పుడు జనగామ ప్రాంతపు పాతతరం నాయకుడొకరి జీవితచరిత్ర రాయాలనుకుంటున్నారు. ఐజాక్ డాయిషర్ అనే పోలండు కార్యకర్త కమ్యూనిస్టు పార్టీ నుంచి బహిష్కృతుడై, రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ జీవితాన్ని మూడు సంపుటాల్లో రాశాడని చదివి ఉత్సాహపడ్డారు. మీ మిత్రులు మాత్రం, జెండా మోసినవాడు రాస్తే అది చరిత్ర కాదు, సంస్మరణ సంచిక అవుతుంది అంటున్నారు. వాళ్ల మాట నిజమేనా అన్నది మొదటి ప్రశ్న, మొదలుపెట్టడం ఎక్కడ అన్నది రెండోది.

మిత్రుల మాట సగం నిజం. నేను 1969లో హనుమకొండలో బడిపిల్లవాడిగా తెలంగాణ ఉద్యమపు ఊరేగింపులో నడిచాను, ఎమర్జెన్సీలో వరంగల్ సెంట్రల్ జైలులో పదకొండు నెలలు ఉన్నాను, ఎనభైలలో సంస్థ నుంచి బయటికి వచ్చి ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ బతికాను. ఇప్పటికి మూడు జీవితచరిత్రలు రాశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: నాయకుడి మీద మనకుండే అభిమానం అంత పెద్ద అడ్డంకి కాదు. అభిమానం పాఠకుడికి వెంటనే కనిపిస్తుంది, అతను దాన్ని తీసివేసి చదువుకుంటాడు. అసలు చిక్కు మనకు తెలుసు అన్న ధీమాతో వస్తుంది. ఇరవయ్యేళ్లు వేదికల మీద విన్న కథను మనం విన్నట్టుగా కాక చూసినట్టుగా గుర్తుపెట్టుకుంటాం, అందుచేత దాన్ని సరిచూసుకోవాలని తోచదు.

డాయిషర్ విషయంలో మీకు నచ్చిన భాగం బహిష్కరణ అనుకుంటాను. ఆ కథ గొప్పదే. 1907లో క్రాకో నగరానికి దగ్గర్లోని ఒక చిన్న పట్టణంలో, అచ్చుకూటం నడిపే యూదు తండ్రికి పుట్టాడు. చిన్నతనంలో మతశాస్త్రాలు చదివాడు, కౌమారంలో కవిత్వం రాశాడు, ఇరవై ఏళ్ల ప్రాయంలో నిషిద్ధమైన కమ్యూనిస్టు పార్టీలో చేరి రహస్య పత్రికలకు పనిచేశాడు. నాజీల ప్రమాదాన్ని గోరంతలు కొండంతలు చేసి జనంలో భయం పుట్టిస్తున్నాడన్న అభియోగం మీద 1932లో పార్టీ అతన్ని వెళ్లగొట్టింది. మరుసటి ఏడాది జనవరిలో హిట్లర్ గద్దెనెక్కాడు. 1938లో మాస్కో నుంచి నడిచే అంతర్జాతీయ కమ్యూనిస్టు సంస్థ కమింటర్న్ ఆ పోలిష్ పార్టీనే రద్దు చేసింది, మాస్కోలో తలదాచుకున్న దాని నాయకుల్లో చాలామంది అక్కడి ప్రక్షాళనల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వెళ్లగొట్టడమే అతన్ని బతికించిందని అనుకోవచ్చు. 1939 ఏప్రిల్‌లో లండన్ చేరి, పెద్దయ్యాక నేర్చుకున్న ఇంగ్లీషులో ఎకానమిస్ట్ పత్రికకు రాస్తూ కుదురుకున్నాడు. 1949లో స్టాలిన్ జీవితచరిత్ర, ఆ తర్వాత 1954, 1959, 1963 సంవత్సరాల్లో ట్రాట్‌స్కీ సంపుటాలు మూడు వచ్చాయి.

అయితే మీరు గమనించవలసింది బహిష్కరణ కన్నా మరో రెండు సంగతులు. ట్రాట్‌స్కీ కాగితాలు 1940లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చేరాయి, వాటిలో సొంత ఉత్తరాల భాగాన్ని 1980 దాకా తెరవకూడదన్న షరతు ఉంది. డాయిషర్ ట్రాట్‌స్కీ భార్య నతాలియా అనుమతి సంపాదించి, ఆ మూసిన భాగాన్ని 1959లో చదివాడు. అంతవరకు అతనికి బాగా తెలిసిన మనిషి, ఆ ఉత్తరాల్లో కొడుకులతో, కూతురితో, భార్యతో మాట్లాడే వేరే మనిషిగా కనిపించాడు. మూడో సంపుటానికి ప్రాణం అక్కడి నుంచే వచ్చింది. ఇక రెండోది. 1938లో ట్రాట్‌స్కీ నాలుగో ఇంటర్నేషనల్ పేరుతో తన అనుచరుల అంతర్జాతీయ సంస్థను పెట్టినప్పుడు డాయిషర్ దాన్ని తప్పని వాదించాడు. అంటే తాను రాయబోయే మనిషితో ఆ మనిషి బతికుండగానే విభేదించాడు. ఇంతచేసీ మూడో సంపుటం చివరి భాగానికి ‘ఓటమిలో గెలుపు’ అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు చూసినప్పుడల్లా, ఇన్నేళ్లు లోపల కూర్చోబెట్టిన కార్యకర్త చివరి పేజీల్లో లేచి మైకు అందుకున్నాడని నాకు అనిపిస్తుంది. లెనిన్ జీవితాన్ని కూడా రాయాలని పూనుకుని, దాన్ని పూర్తి చేయకుండానే 1967లో రోమ్‌లో అరవై ఏళ్లకు పోయాడు.

మన దగ్గర ఈ దారి కొంత వేరుగా నడిచింది. హైదరాబాదులో 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి తొలి పుస్తకం జీవితచరిత్రే, గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఆయన ముందు జీవితచరిత్ర రాసి, ఆ తర్వాత 1908లో పత్రికలో రాసిన వ్యాసానికి జైలుకు పోయారు, అంటే మీరు వెళ్లదలచుకున్న దారిలో ఎదురు నడిచారు. వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల నడిపి, జైళ్లలో ఏళ్లకేళ్లు గడిపి, తాను చూసిన మనుషుల్ని చివరికి నవలలోనూ జైలు కథల్లోనూ పెట్టారు. కాళోజీ తన గొడవను తానే చెప్పుకున్నారు. ఆత్మకథ, నవల, స్మారక సంచిక మనకు పుష్కలంగా ఉన్నాయి. ఒక కార్యకర్త మరో కార్యకర్త బతుకును కాగితాలు ముందు పెట్టుకుని రాసిన పుస్తకాలు మాత్రం తక్కువే, అందుచేత మీ ప్రయత్నం నాకు సంతోషం కలిగిస్తోంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను, మీకు పనికొచ్చేది అదే. నా మొదటి పుస్తకం నిజాం పాలనలో తెలుగువాళ్ల సంఘమైన ఆంధ్ర మహాసభలో పనిచేసి, తర్వాత అజ్ఞాతంలోకి వెళ్లిన ఒక రైతు నాయకుడి గురించి. ఆయన మీద నడిచిన కేసు తీర్పు నకలు ఉర్దూలో దొరికింది. తేదీ అమర్దాద్ నెల, 1355 ఫస్లీ. ఫస్లీ అంటే నిజాం సర్కారు కాగితాల్లో వాడిన సంవత్సరాల లెక్క. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుందని మా ప్రెస్సులో అందరికీ తెలుసు, నేనూ కలిపి 1945 అని రాశాను. ఈ ప్రాంతంలో అందరికంటే ముందు జైలుకు పోయిన నాయకుడు అన్న వాక్యం ఆ లెక్క మీదే నిలబడింది. వెయ్యి ప్రతులు అచ్చయ్యాయి, ఆవిష్కరణ సభలో ఆ వాక్యాన్ని ముగ్గురు వక్తలు చదివి వినిపించారు.

నెల రోజుల తర్వాత పుస్తకం ఇవ్వడానికి ఆయన భార్య దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. వాకిట్లో గోనెసంచి పరుచుకుని చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. పుస్తకంలో ఏముందో చెప్పమంటే, చదువు రాని ఆమెకు ఆ అధ్యాయం చదివి వినిపించాను. ఆమె చేతిలోని సుత్తె ఆపి, “గా యేడు ఆయన జైల్ల యాడున్నడు కొడుకా? మా పెద్దబిడ్డ పుట్టిన యేడది. ఇరవై ఒకటో దినాన తొట్లె కట్టింది ఆయనే. జైలుకు పోయింది మీది యేడు, కొమరయ్య సచ్చిపోయిన దినాలల్ల” అంది. అనేసి మళ్లీ గింజలు తీసుకుంది. తెలంగాణ సాయుధ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య కడవెండిలో చనిపోయింది 1946 జూలై 4న. అంటే నా పుస్తకం ఒక ఏడాది ముందుకు నడిచింది.

లెక్క ఎక్కడ తప్పిందో ఆ రాత్రి కూర్చుని చూశాను. హైదరాబాద్ సంస్థానంలో ఫస్లీ సంవత్సరం ఆజూర్ నెలతో, అంటే మన అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. అక్టోబరు నుంచి డిసెంబరు లోపు పడే తేదీకి 590 కలపాలి, జనవరి నుంచి పడే తేదీకి 591 కలపాలి. అమర్దాద్ జూన్, జూలైల నడుమ వచ్చే నెల కాబట్టి 1355 ఫస్లీ అమర్దాద్ 1946లోనే పడుతుంది. మీరు సరిచూసుకోవడానికి అందరికీ తెలిసిన ఆనవాళ్లు రెండు ఇస్తాను. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు 1357 ఫస్లీలో ఉంది, 1949 ఆగస్టులో వచ్చిన జాగీర్ల రద్దు చట్టం పేరులోనే 1358 ఫస్లీ అని ఉంటుంది. రెండింటికీ 591 కలిపితేనే సరిపోతుంది. అచ్చుతప్పులు దిద్దడమే బతుకుతెరువుగా ఉన్నవాణ్ని, నా సొంత పుస్తకంలో తప్పొప్పుల చీటీ అంటించుకోవలసి వచ్చింది.

ఆ తప్పుకు ఫస్లీని నిందించి ఊరుకోవచ్చు గాని, నిజం అది కాదు. తీర్పులో సాక్షుల పేర్లు, పోలీసు అమీను పేరు, జరిమానా మొత్తం, అన్నీ నేను మూడుసార్లు సరిచూసుకున్నాను. సంవత్సరాన్ని మాత్రం ఒక్కసారి లెక్కగట్టి వదిలేశాను. 1945 నాకు నచ్చింది, అది మా నాయకుణ్ని అందరికంటే ముందు నిలబెట్టింది. కథకు అనుకూలంగా ఉన్న తేదీని కార్యకర్త రెండోసారి చూడడు. ఇప్పుడు నా పద్ధతి తలకిందులు చేసుకున్నాను: ఏ సంగతి చదవగానే సంతోషం కలుగుతుందో దాని పక్కన పెన్సిలుతో గీత గీసి, ఆ గీతలన్నీ తీరిన తర్వాతే అధ్యాయం ప్రెస్సుకు పంపుతాను.

మనవాళ్ల జ్ఞాపకాలకు ఇంకో మలుపు ఉంది, దాన్ని బయటివాళ్లు తేలిగ్గా పట్టుకోలేరు. కేంద్ర ప్రభుత్వపు స్వాతంత్ర్య సమరయోధుల పింఛను 1972లో మొదలై 1980లో విస్తరించింది. మామూలుగా కనీసం ఆరు నెలల జైలో అజ్ఞాతమో చూపించాలి, స్త్రీలకూ దళిత గిరిజనులకూ మూడు నెలలు చాలు. జైలు రికార్డు దొరకకపోతే దరఖాస్తుకు తోటి ఖైదీ ఇచ్చే ధ్రువపత్రం కావాలి. ఈ దరఖాస్తులు రాసి పెట్టడం ఎనభైలలో మా ప్రెస్సు అరుగు మీదే సాగేది కాబట్టి నాకు తెలుసు: నాలుగు నెలల పదిరోజులు దాక్కున్న మనిషి కూడా కాగితం మీద ఆరు నెలలు దాక్కున్నాడు. అబద్ధం చెప్పాలని కాదు, గడువు అంత ఉంది కాబట్టి. పదేళ్ల తర్వాత ఆయన్ని అడిగితే ఆరు నెలలనే చెబుతాడు, ఎందుకంటే అప్పటికి ఆ కాగితమే ఆయన జ్ఞాపకం అయిపోయింది. భువనగిరి సభ సంగతీ అంతే. 1944లో అక్కడ జరిగిన ఆంధ్ర మహాసభలో సభ్యత్వ రుసుము రూపాయి నుంచి అణాకు తగ్గి, సంఘం పల్లెల్లోకి దిగింది. నేను మాట్లాడిన పెద్దల్లో ఆ సభకు పోనివాడు ఒక్కడూ కనబడలేదు. అందరూ పోయి ఉంటే భువనగిరి గుట్ట మీద కూడా చోటు చాలేది కాదు.

మరి కాగితాన్నే నమ్మాలా అంటే, అదీ కుదరదు. రెండో పుస్తకం రాసేటప్పుడు జరిగింది చెబుతాను. ఆ నాయకుడు తన వాటా పన్నెండు ఎకరాలు కౌలుదారులకు పంచిపెట్టాడని ఊరంతా చెప్పేది, పాటల్లో కూడా ఉంది. మొదటి దెబ్బ గుర్తుంది కనుక ఈసారి రెవెన్యూ కచేరీకి పోయి 1954–55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరి పేరు మీద ఉందో చూపే రికార్డు, తీయించాను. పట్టాదారు గడిలో ఐదు ఎకరాలకే కౌలుదారుల పేర్లు ఉన్నాయి, మిగతా ఏడెకరాలు ఆయన తమ్ముడి పేరు మీద ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, నాకు ఒక రకమైన తృప్తి కలిగింది. పాట అబద్ధమని రాసే ధైర్యం నాకు ఉందని నాకు నేను చూపించుకోవాలనిపించింది. అధ్యాయం అలాగే రాసి, అచ్చుకు ముందు ఆ కౌలుదారుల్లో బతికున్న ఒక ముసలాయనకు వినిపించాను. ఆయన చెప్పినది ఇదీ: నాయకుడు అజ్ఞాతంలో ఉన్నప్పుడు భూమి జప్తు అవుతుందన్న భయంతో ఇంటివాళ్లు ఏడెకరాలు తమ్ముడి పేరుకు మార్చారు. 1951లో సాయుధ పోరాటం విరమించి ఆయన బయటికి వచ్చాక, ఆ ఏడూ కౌలుదారులకు రాసివ్వమని తమ్ముణ్ని అడిగాడు. తమ్ముడు ఇవ్వలేదు. అన్నదమ్ములు చనిపోయేదాకా మాట్లాడుకోలేదు, ఒకరి ఇంటి పెళ్లికి ఒకరు పోలేదు.

పాట పన్నెండు అన్నది, పహాణీ ఐదు అన్నది. రెండింటి నడుమ ఒక కుటుంబం విరిగిపోయింది. ఆ చీలికే అధ్యాయానికి విషయం. తమ్ముడి కొడుకును కూడా కలిసి అతని మాటా రాసుకున్నాను. అతను ఆ మార్పిడిని అప్పుకింద చేసుకున్న అమ్మకం అన్నాడు. రెండు మాటలూ పక్కపక్కనే పెట్టి, నాకు ఏది నమ్మదగిందిగా తోచిందో కారణంతో సహా చెప్పాను. పుస్తకం వచ్చాక ఆ ఇంటివాళ్లు నాతో మాటలు మానేశారు, నా పాత సహచరుల్లో ఇద్దరు కూడా మానేశారు. ఒకరు బస్టాండులో ఎదురైతే ముఖం తిప్పుకుని పరకాల బస్సు ఎక్కేస్తారు, ఆయనకు పరకాలలో పనేమీ లేదని నాకు తెలుసు.

ఇంతగా చెప్పి మిమ్మల్ని వెనక్కి లాగుతున్నానని అనుకోకండి. కార్యకర్తకు మాత్రమే తెలిసేవి కొన్ని ఉన్నాయి, అవి విశ్వవిద్యాలయంలో దొరకవు. సభ ఏకగ్రీవంగా తీర్మానించింది అన్న వాక్యం చదవగానే, భోజనాలకు ముందు అక్కడ పెద్ద గొడవ జరిగిందని మీకు తెలుస్తుంది. తీర్మానంలో ‘అయితే’ అన్న మాట ఎక్కడ పడిందో చూసి, ఎవరిని బుజ్జగించడానికి అది చేర్చారో ఊహించగలరు, ఆ ఊహ పట్టుకుని అడగవలసిన మనిషిని అడగగలరు. జైలు ఉత్తరం చదివేటప్పుడు, అది భార్యకు రాసినా జైలరు చదవడానికి రాసిందని మీకు గుర్తుంటుంది. ములాఖత్‌కు ముందు రోజూ తర్వాత రోజూ రాసిన ఉత్తరాలు వేరుగా ఉంటాయని తెలుస్తుంది. డాయిషర్ పార్టీ పత్రాల్లోని వంకర భాషను అంత బాగా విప్పగలిగాడంటే, ఆ భాషలో తాను స్వయంగా సంపాదకీయాలు రాసి ఉండడమే కారణం.

ఆ భాషే మన చేతికి అంటుకుని ఉంటుంది, రాసేటప్పుడు కడుక్కోవాలి. నా మొదటి రాతప్రతిలో ‘అలుపెరగని’, ‘రాజీలేని’, ‘తుదిశ్వాస వరకు’ వంటి మాటలన్నీ ఎర్ర సిరాతో కొట్టేస్తే, పద్నాలుగు పేజీల అధ్యాయం తొమ్మిది పేజీలకు వచ్చింది. పోయిన ఐదు పేజీల్లో ఒక్క సంగతి కూడా లేదు. ‘మేము’ అన్న మాట దగ్గర ఆగి, ఆ మేము ఎంతమంది, అందులో మీరున్నారా అని అడుక్కోండి. నాలుగు చోట్ల నా ‘మేము’లో నేను లేను, నేను పుట్టకముందు జరిగినవి అవి.

రహస్యాల సంగతి మీరు ప్రత్యేకంగా అడగలేదు గాని చెప్పక తప్పదు. అజ్ఞాతంలో ఉన్నవాళ్లకు అన్నం పెట్టిన ఇళ్ల పేర్లు బయటపెట్టకూడదన్నది మనకు ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. యాభై అరవై ఏళ్లు గడిచాయి కదా అని మనకు మనమే తీర్పు చెప్పుకోకూడదు. నేను తొమ్మిది కుటుంబాలను అడిగాను. ఏడు ఇళ్లవాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు, రెండు ఇళ్లవాళ్లు వద్దన్నారు. ఆ రెండు పేర్లు రాయలేదు, కోరిక మీద విడిచిపెట్టానని పుస్తకంలో చెప్పాను. ఎందుకు వద్దన్నారని అడగలేదు.

ఇక మొదలుపెట్టడం. మీ ప్రణాళికలో మొదట తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, తర్వాత గ్రంథాలయాలు, చివర ‘కుటుంబ సభ్యుల ఇంటర్వ్యూలు’ అని రాశారు. దాన్ని చివరి నుంచి మొదలుపెట్టండి. తార్నాకలో దస్తావేజులు వచ్చే ఏడాది కూడా ఉంటాయి, మీ నాయకుడి చెల్లెలికి తొంభై దగ్గర పడ్డాయని మీరే రాశారు. ఆమె దగ్గర తేదీలు అడక్కండి. ఆ ఏడు వానలెట్లున్నాయి, ఏ బిడ్డ కడుపులో ఉంది, బతుకమ్మ ఆడారా లేదా అని అడగండి, తేదీ మీరు కట్టుకోవచ్చు. ఇంటి మగవాళ్లు పక్కన కూర్చుంటే ఆమె మాట్లాడదు, వాళ్లే మాట్లాడతారు, కాబట్టి వాళ్లు పొలానికి పోయే వేళ చూసుకుని వెళ్లండి. ఆర్కైవ్స్‌కు పోయేటప్పుడు చేతిరాత ఉర్దూ చదవగల మనిషిని వెంట తీసుకుపోండి. అచ్చు ఉర్దూ వచ్చినవాళ్లందరూ ఆ గొలుసుకట్టు రాత చదవలేరు. హనుమకొండలో పాత కోర్టు గుమాస్తాల్లో ఒకరిద్దరు ఇంకా ఉన్నారు, ఉత్తరం రాస్తే పరిచయం చేస్తాను.

జైలు అధ్యాయానికి ఒక్క సూచన. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం కూల్చేశారు, కాబట్టి వెళ్లి చూసి రాసే వీలు లేదు. అక్కడ ఉన్నవాళ్ల దగ్గరికి నేను తెల్లకాగితం, పెన్సిలు తీసుకుపోయి, బ్యారక్ ఎక్కడ, వంటశాల ఎక్కడ, నీళ్ల తొట్టి ఎక్కడ అని గీయమంటాను. మాటల్లో రానివి గీతల్లో వస్తాయి. ఒకే బ్యారక్‌లో ఒకే కాలంలో ఉన్న ముగ్గురు గీసిన పటాలు నా దగ్గర ఉన్నాయి, మూడింటిలో నీళ్ల తొట్టి మూడు చోట్ల ఉంది. వాళ్లతో పాటు అక్కడే ఉండి, రోజూ ఆ తొట్టిలోనే చెంబు ముంచుకున్న నేను గీసిన నాలుగో పటంలో అది ఇంకోచోట ఉంది.